సునీతకు ఎడమ పక్క

నెల కింద సునీత ఫోన్ చేసింది. వాళ్ల నాయిన శామ్యూల్ కాక చనిపోయి ఏడాది దాటింది, ఇప్పుడు గోదావరిఖనిలో ఆ ఇల్లు సర్దుతున్నారట. "పద్మక్కా, నాయిన పెట్టెల నా బెల్టు దొరికింది. నువ్వు పట్టుకున్న కాడ తోలు ఇంకా నల్లగనే ఉన్నది. వచ్చి చూస్తవా?" అని అడిగింది. వస్తానన్నాను. కాక చనిపోయినప్పుడు కూడా వస్తాననే అన్నాను. అప్పుడు పరీక్షల డ్యూటీ అడ్డమొచ్చిందని చెప్పి కరీంనగర్‌లోనే ఉండిపోయాను. డ్యూటీ ఉన్నమాట నిజమే, కానీ అడిగితే ఒక్కరోజు సెలవు దొరక్కపోయేది కాదు. ఆ ఇంట్లో అడుగుపెడితే సునీత మెడ వైపు చూడకుండా ఉండలేనని భయం, అంతే. ఇన్నేళ్లూ పెళ్లిళ్లలోనో బస్టాండులోనో ఎదురుపడితే ఆమెకు కుడి పక్కన నిలబడి నాలుగు మాటలు మాట్లాడి తప్పుకున్నాను. సునీత తల ఎడమకు పూర్తిగా తిరగదు. ఎడమ పక్కనున్న మనిషిని చూడాలంటే భుజాలతో సహా ఒళ్లంతా తిప్పాలి. దానికి కారణం నేను.

మేము ఆడింది రగ్బీ. ఈ మాట చెబితే ఇప్పుడు నా తోటి టీచర్లు నవ్వుతారు. చీర కట్టి సుద్దముక్క పట్టుకున్న మనిషిలో వాళ్లకు ఆ పిల్ల కనబడదు, కనబడకపోవడంలో వాళ్ల తప్పూ లేదు. మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మేడం వేసవిలో హైదరాబాద్‌లో ఏదో శిక్షణకు వెళ్లి, ఒక పొడుగు బంతి, ఒక చిన్న నిబంధనల పుస్తకం పట్టుకొచ్చింది. కబడ్డీలో మిగిలిపోయిన వాళ్లందరినీ పోగుచేసి ఏడుగురి జట్టు కట్టింది. ఆ ఆటలో స్క్రమ్ అని ఒకటి ఉంటుంది. ఆట ఆగినచోట మళ్లీ మొదలుపెట్టడానికి రెండు జట్ల నుంచి ముగ్గురేసి మనుషులు ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, నడుము వంచి, ఎదుటివాళ్ల తలల సందుల్లో తలలు పెట్టి భుజాలతో నెట్టుకోవాలి. మధ్యలో వేసిన బంతిని కాలితో వెనక్కి లాగాలి. మా జట్టులో ఆ ముగ్గురం నేను, సునీత, రజిత. సునీత మధ్యలో, నేను ఆమెకు ఎడమ పక్క, రజిత కుడి పక్క. మధ్య మనిషి రెండు చేతులూ పక్కవాళ్ల భుజాల మీదే ఉంటాయి. ఆసరాకు ఖాళీ చెయ్యి ఉండదు. తల నేలకు తగలకుండా ఆమెను ఆపేది పక్కనున్న ఇద్దరి పట్టు ఒక్కటే. ఒకరోజు ఆ పట్టు నేను వదిలేశాను.

అలా ఎలా వదిలానో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మా బాపు భూగర్భ గనిలో బొగ్గు నింపేవాడు. మంథని దిక్కు పల్లె నుంచి వచ్చి ఆ పనిలో చేరిన మనిషి, వానాకాలం వస్తే అప్పటికీ నాట్ల గురించే మాట్లాడేవాడు. మొదటి షిఫ్టు ఉన్న రోజు మా అవ్వ, అంటే అమ్మ, చీకటితోనే లేచి బొగ్గు పొయ్యి రాజేసేది. ఆ పొగ వాసన, దాని మీద కాగే నీళ్లలో వేసిన వేపాకు వాసన, బాపు బూట్ల లోపలి తడి వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. స్నానం చేసి వచ్చినా బాపు కనురెప్పల అంచున బొగ్గు కాటుకలాగా మిగిలే ఉండేది. మా క్వార్టర్ల లైనులో అందరి నాన్నలకూ ఆ కాటుక ఉండేది కాబట్టి మగవాళ్లంటే అలాగే ఉంటారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇక ఆ లైనులో ఎవ్వరూ నోటితో అనని మాట ఒకటుంది. కూలింది అనకూడదు. కూలుతుంది అని అసలే అనకూడదు. ఒకసారి ముసురు వానకు మా వెనక గోడ నేలమట్టమైతే, గోడ పండుకున్నదని అవ్వ పక్కింటామెకు చెప్పింది. ఇంకోసారి మా తమ్ముడు పొద్దున్నే పేకమేడ కట్టి ఆ మాట అనేశాడు. కడుతున్న బూటు లేసు విప్పేసి బాపు ఆరోజు డ్యూటీకే పోలేదు.

ఆ మాట అనకపోయినా, అది జరిగితే ఏం చేయాలో మాత్రం బాపు ప్రతివారం చెప్పేవాడు. గనిలో పైన చిటుక్కుమని చప్పుడైతే చేతిలోది వదిలెయ్యాలి, పక్కవాణ్ని పిలవకూడదు, వెనక్కి చూడకూడదు, ఉరకాలి. ఆడవాళ్లం, మేము గనిలోకి దిగేది లేదు గదా అని అవ్వ విసుక్కునేది. అయినా వినీ వినీ అది ఒంటికి పట్టింది. అటక మీంచి గంజి వార్చే సిబ్బిరేకు జారి పడితే ఇంటిల్లిపాదీ ముందు వాకిట్లోకి ఉరికి, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేవాళ్లం. చుట్టాలొస్తే మా అవ్వ ఈ ముచ్చట చెప్పి నవ్వించేది. నేను కూడా చాలాకాలం దాన్ని నవ్వులాటగానే అనుకున్నాను.

శామ్యూల్ కాక మా బాపు కన్నా పెద్దవాడు, మా వెనక లైనులో ఉండేవాడు. మూడు తరాలుగా గనుల్లోనే పనిచేస్తున్న కుటుంబం, ముందు బెల్లంపల్లిలో, తర్వాత ఇక్కడ. ఆదివారం చర్చిలో తెల్లచొక్కా, మిగతా రోజులు గనిలో టింబర్ పని. అంటే పైకప్పు కింద దుంగలు నిలబెట్టే పని. ఒకరోజు సాయంత్రం సునీతను తీసుకుపోవడానికి గ్రౌండుకొచ్చి, సైకిల్ మీద నుంచి దిగకుండా ఒంటికాలు నేలకు ఆనించి మమ్మల్ని చాలాసేపు చూశాడు. మేము వంగడం, తలలు గుద్దుకోవడం, మట్టిలో బోర్లా పడడం, నవ్వడం, అదే పనిగా సాగుతోంది. మేడం విజిల్ ఊది ఊది అలసిపోయింది. కాక సైకిల్ స్టాండు వేసి వచ్చి, మేడంకు నమస్తే పెట్టి, "వీళ్లు నెడుతలేరు మేడం, మునుగుతున్నరు. తల నడుము కన్న కిందికి దిగినంక ఎంత బలముండి ఏం లాభం?" అన్నాడు. ఆయన రగ్బీ బంతిని చూడడం అదే మొదలు.

మర్నాటి నుంచి డ్యూటీ దిగి స్నానం చేసి నేరుగా గ్రౌండుకే వచ్చేవాడు. స్క్రమ్ నేర్పడమంటే నెట్టడం నేర్పడం కాదు ఆయన లెక్కలో. పది రోజులపాటు ఎవరినీ నెట్టనివ్వలేదు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, వీపు పీటలాగా ఉంచమనేవాడు. నడుము మీద నిండు స్టీలుగ్లాసు పెట్టేవాడు. ఒలికితే మళ్లీ మొదటికి. గదుమ ఛాతీకి ఆనకూడదని, ఎదురుగా పలక నిలబెట్టి దానిమీద అంకెలు రాసి, వంగిన మనిషిని పైకి చదవమనేవాడు. తల వంచేస్తే పలక కనబడదు, కనబడకపోతే దొరికిపోతావు. పాత క్యాప్‌ల్యాంప్ బెల్టులు, అంటే గనిలో నడుముకు కట్టుకుని లైటు బ్యాటరీ తగిలించుకునే తోలు పట్టీలు, సంపాదించి మా కొలతలకు కోసి కుట్టాడు. బట్ట పట్టుకుంటే జారుతుంది, తోలు పట్టుకుంటే నిలుస్తుందని ఆయన వాదన. ముందు పట్టు, తర్వాత వంగుడు, అన్నిటికన్నా చివర బరువు. పైన ఎంత బరువుంటదో ముందుగాల మనకు తెల్వది బిడ్డా, అందుకే బరువు పడకముందే నిలబడాలె అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు.

అన్నిటికంటే నాకు గుర్తున్నది ఆయన వినడం. గనిలో పైకప్పును కర్రతో తట్టి, మోగితే గట్టిదని, డొల్ల చప్పుడైతే లూజుగా ఉందని పోల్చుకోవడం వాళ్ల పనిలో భాగం. మేము ముగ్గురం ఇసుకబస్తాలు వేసిన బల్లకు భుజాలానించి నెడుతుంటే కాక పక్కన గొంతుక్కూర్చుని కళ్లు మూసుకునేవాడు. మా ఊపిరి వినేవాడు. మూడు ఊపిర్లు మూడు రకాలుగా వస్తే చప్పట్లు కొట్టి ఆపేసేవాడు. మూడూ ఒకటైన రోజు కళ్లు తెరవకుండానే తల ఊపేవాడు. ఆ ఊపిరి నా చెవిలో ఇంకా ఉంది. కుడి చెయ్యి సునీత బెల్టు మీద, ఆమె చెయ్యి నా భుజం మీద, ఆమె చెవి నా చెవికి ఆని, ఆమె తలకు రాసిన కొబ్బరినూనె, గ్రౌండు దుమ్ము, ముగ్గురి చెమట. ఆ తర్వాత జీవితంలో ఎవరినీ అంత నమ్మి అంత బరువు వాళ్ల మీద వెయ్యలేదు. పెళ్లయింది, బిడ్డ పుట్టింది, మంచి మనుషుల మధ్యే ఉన్నాను, అయినా ఆ బరువు కోసం నాకు బెంగే. రాత్రి ఇంటికెళ్తే కమిలిన భుజాలకు పసుపు రాస్తూ అవ్వ తిట్టేది. ఈ తిట్లన్నీ శామ్యూలుకు చెప్పు, నాకెందుకు అని బాపు అటు తిరిగి పడుకునేవాడు.

తప్పు జరిగింది పుస్తకం దగ్గర. మేడం ఆ నిబంధనల పుస్తకం నుంచి రోజుకో పేజీ తెలుగులో చెప్పేది, కాక విని తన పద్ధతిలో నేర్పేవాడు. ఒకరోజు ఆమె, స్క్రమ్ కూలినప్పుడు ఏం చెయ్యాలంటే, అని మొదలుపెట్టింది. కాక ముఖం మాడిపోయింది. అక్కడున్న సగం మంది తండ్రులు అప్పుడు రెండో షిఫ్టులో భూమి కింద ఉన్నారు. "అది చదవకు మేడం," అన్నాడు మెల్లగా. "నిలబెట్టుడు వచ్చినోనికి అది అక్కెరుండది." మేడం వేరే జిల్లా మనిషి, ఆమెకు అర్థం కాలేదు. మాకు అర్థమైంది, ఆ పేజీ తిప్పేసినందుకు మనసులో హమ్మయ్య అనుకున్నాం. అలా మేము నిలబడడం అంత బాగా నేర్చుకున్న పిల్లలం, పడడం మాత్రం ఒక్కరోజూ నేర్చుకోలేదు.

పెద్దపల్లిలో పోటీ. కాలేజీల నుంచి నాలుగైదు జట్లు వచ్చాయి. ఆట మొదలయ్యేముందు రిఫరీ వచ్చి మా బెల్టులకు ఇనుప బకిల్స్ ఉన్నాయని విప్పించేశాడు. అది సరైన పనే, ఎదుటివాళ్లకు గీసుకుంటుంది. కానీ నా చెయ్యి వెతికేది ఆ తోలును, దొరికింది చొక్కా బట్ట. అయినా మొదటి భాగమంతా మేమే నెట్టాం. అవతలి పిల్లలు మాకన్నా ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లు, వాళ్ల ముఖాల్లో ఆశ్చర్యం చూస్తే నాకు సంతోషంగా ఉండింది. కాక గీత అవతల నిలబడి కళ్లు మూసుకుని ఉన్నాడని సునీత వంగుతూ గుసగుసగా చెప్పింది. రెండో భాగంలో మా వైపు ఒక స్క్రమ్ పడింది. క్రౌచ్, టచ్, పాజ్, ఎంగేజ్ అని రిఫరీ అన్నాడు, వరసగా వంగాం, తాకాం, ఆగాం, కలిశాం. అవతలి పిల్ల కాలు జారింది. వరస కొంచెం కుంగింది. సరిగ్గా అప్పుడే గీత పక్కన జనం ఎక్కి నిలబడ్డ చెక్కబల్ల ఒకటి ఫట్‌మని విరిగింది.

కొయ్య విరిగే చప్పుడు. టింబర్ పని చేసేవాళ్లకు దానికి ఒకటే అర్థం. పైకప్పు వచ్చేముందు దుంగ అలాగే పలుకుతుంది. కాక కళ్లు మూసుకునే ఉన్నాడు, అరిచేశాడు. "ఉరుకుండ్రి!" నేను ఆలోచించలేదు. ఆలోచించానని ఇన్నేళ్లలో ఒక్కసారైనా అనిపించి ఉంటే కొంచెం నయంగా ఉండేది. నా చెయ్యి తెరుచుకుంది, నా కాళ్లు ఉరికాయి, వెనక్కి చూడలేదు. ఆగి చూసేసరికి పది అడుగుల దూరంలో ఉన్నాను. సునీత ఎడమ భుజం గాల్లో ఉండి, తల నేలలో గుచ్చుకుని, దాని మీద అవతలి ముగ్గురి బరువు పడింది. రజిత ఉరకలేదు. ఆమెది బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ దగ్గరి ఇల్లు, వాళ్లింట్లో ఆ చప్పుడు వింటే ఉరకాలని ఎవరూ నేర్పలేదు. సునీత కింద పడ్డా ఆమె చొక్కా వదలకుండా రజిత కూడా కింద పడింది. ఆ ఒక్క చెయ్యి పట్టి ఉండబట్టే వెన్నుపూస పూర్తిగా పోలేదని తర్వాత దవాఖానలో డాక్టరు అన్నాడు.

దవాఖాన వరండాలో అందరూ ఉన్నారు. మేడం ఏడుస్తోంది, మా బాపు డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. ఎవరు వదిలారు, ఎట్ల వదిలారు అని ఎవరో అడిగారు. నేనే ఇడిసిపెట్టిన అన్నాను. కాక గోడకు ఆనుకుని నిలబడ్డవాడు ముందుకు వచ్చాడు. "పద్మది తప్పులేదు. నేను ఉరుకుమన్న, అది ఉరికింది. మేడం చదవబోతే నేనే వద్దన్న. పడ్డా పట్టు ఇడవద్దని అండ్లనే ఉండె." ఆ రోజు ఆయన నన్ను కాపాడాడని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. తర్వాత తెలిసొచ్చింది, తప్పంతా ఆయన మోసుకుపోవడంతో సునీతను క్షమించమని అడగడానికి నాకు జాగా లేకుండా పోయింది. అడగబోయిన ప్రతిసారీ, నాయినే చెప్పిండు గదా అక్కా, అని ఆమె మాట మార్చేది.

మూడు నెలలు సునీత మెడకు పట్టీ ఉంది. కాక ఇక గ్రౌండు ముఖం చూడడనుకున్నాం. పట్టీతోనే ఆమెను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రం వచ్చాడు. గనిలో ఖాళీలు నింపడానికి గోదారి నుంచి తెచ్చే ఇసుక ఆ గ్రౌండు పక్కన కుప్పలుగా ఉండేది. అందులో కొంత పరిపించాడు. ఆ పేజీని రెండుసార్లు చదవమని మేడంను అడిగాడు. మా అవ్వతో సహా నలుగురైదుగురు ఆడవాళ్లు గోడ దగ్గర నిలబడి చూస్తున్నారు. అప్పుడు కాక అందరికీ వినబడేలా, "ఈయాల కూలుడు నేర్చుకుందాం," అన్నాడు. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ అక్కడి నుంచి కదల్లేదు. ఎవరికైనా మెడ మీద బరువు పడ్డట్టు అనిపిస్తే మెడ, మెడ అని అరవాలి. ఆ మాట వినగానే రెండు వైపులా నెట్టడం ఆపాలి. చేతులు మాత్రం తియ్యకూడదు, తల ఎత్తి, పట్టుకున్న మనిషిని పట్టుకునే ఛాతీ మీదికి దిగాలి. విజిల్ వచ్చేదాకా అలాగే ఉండాలి. పొద్దుగూకే దాకా పడుతూనే ఉన్నాం. నేను ఒక్కసారి కూడా చెయ్యి వదల్లేదు. కానీ మధ్యలో ఉన్నది వేరే పిల్ల. సునీత స్టూలు మీద నిటారుగా కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

ఆ తర్వాత ఆట ఎక్కువకాలం సాగలేదు. మేడంకు బదిలీ అయింది, ఉద్యమం రోజుల్లో కాలేజీ తెరిచింది తక్కువ, మూసింది ఎక్కువ, రాష్ట్రం వచ్చేసరికి మేము ముగ్గురం మూడు ఊళ్లలో ఉన్నాం. మొన్న వెళ్లినప్పుడు మా లైనే గుర్తుపట్టలేకపోయాను. సగం ఇళ్లకు తలుపులు లేవు. ఉన్న ఇళ్లలో గ్యాసు పొయ్యిలు. బొగ్గు పొగ వాసన లేదు. అది మంచిదే, మా అవ్వ ఆ పొగకు దగ్గిన దగ్గు నేను మరిచిపోలేదు. అయినా ఆ వాసన లేకపోయేసరికి నేను పరాయి ఊరికి వచ్చినట్టు నిలబడిపోయాను. బాపు దిగిన గని మూతపడింది. ఇప్పుడంతా ఓపెన్‌కాస్ట్, పైనుంచి తవ్వుకుంటూ పోవడమే. మనుషులు దుంగలు నిలబెట్టే పనీ లేదు, పైకప్పును తట్టి వినే పనీ లేదు. ప్రాణాలకు అదీ మంచిదే. ఇలా ప్రతిదానికీ మంచిదే అనుకుంటూనే ఏడుపు ఆపుకుంటూ సునీత వాళ్ల గుమ్మం ఎక్కాను.

సునీత పెద్దపల్లిలో ఆఫీసు ఉద్యోగం చేస్తుంది, ఇల్లు సర్దడానికి సెలవు పెట్టింది. టీ ఇచ్చి బెల్టు చేతిలో పెట్టింది. ఎడమ వైపున నాలుగు వేళ్లంత మేర నల్లగా, మెత్తగా ఉంది. ఏటా గుడ్ ఫ్రైడే ముందు కాక దానికి నూనె రాసి, తన ల్యాంప్ బెల్టు పక్కనే మేకుకు తగిలించేవాడట. గ్రౌండు ఎక్కడుందో చూద్దామా అంది. గ్రౌండు లేదు, కంచె ఉంది, కంచె అవతల గుట్టంత మట్టి కుప్పలు, వాటి అవతల పెద్ద గుంత. అలవాటు ప్రకారం నేను ఆమెకు కుడి పక్కన నడుస్తున్నాను. కంచె దగ్గర ఆగింది.

"నువ్వు ఎప్పుడు చూసినా నాకు కుడి దిక్కే ఎందుకు నిలబడుతవక్కా?"

నీకు మెడ తిప్పే బాధ లేకుండా అన్నాను. అది సగం అబద్ధం, ఆమెకు తెలుసు. అందుకని మిగతా సగం కూడా చెప్పేశాను. కాక నన్ను వెనకేసుకొచ్చిండు, అందుకే నిన్ను అడగలేకపోయిన, నన్ను మాఫ్ చెయ్యి అన్నాను. ఈసారి సునీత నాయినే చెప్పిండు గదా అనలేదు. "ఇడిసిపెట్టినందుకు నాకు కోపం లేదు. నాయిన అరిసినప్పుడు నా కాళ్లు గూడ ఉరకబోయినయి. ఆ తర్వాత మల్ల ఒక్కసారన్న నా పక్కకు వచ్చి నిలబడలేదు సూడు, దానికే కోపం," అంది. "నీ జాగ ఎడమ దిక్కు. ఇటు రా."

వెళ్లి నిలబడ్డాను. అప్పుడే సైరన్ మోగింది, మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు ముందు మోగేది. ఊరికి అలవాటే, నాకు అలవాటు తప్పింది. గుంత అడుగు నుంచి గుభేలుమని చప్పుడొచ్చింది, కాళ్ల కింద నేల అదిరింది, మట్టి కుప్ప మీద నుంచి బెడ్డలు జారాయి. నా మడమలు లేచాయి, కాదనను. కానీ చెయ్యి ఎప్పుడు వెళ్లిందో, సునీత నడుము దగ్గర, బెల్టు ఉండాల్సిన చోట, చీర కట్టును పిడికిలి బిగించి పట్టుకుంది. ఆమె చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. దుమ్ము లేచి మా మీదుగా పోయింది. కాసేపటికి సునీత భుజాలతో సహా ఒళ్లంతా నా వైపు తిప్పి చూసింది.

"బ్లాస్టింగేనే అక్కా, అయిపోయింది. ఇగ ఇడువు, చీర ఊడుతది."

విజిల్ రాలేదు కదా అన్నాను.